పత్తి పైసలు స్టాఫ్ నర్స్ కోచింగ్‌కి పొయ్యకండి

అన్నలూ, తమ్ముళ్ళూ, పత్తి ఏరుడు మొదలైంది. పైసలు మన చేతికి రాకముందే వాటికి లెక్క రాసేటోళ్ళు తయారైన్రు. నర్సింగ్ చదివిన ఆడపిల్ల ఉన్న ఇంటికల్లా హైదరాబాద్ కోచింగోళ్ళ ఫోన్లు. బయ్యారం క్రాస్‌రోడ్డు కాడ టీ తాగుతుంటే ఇదే ముచ్చట. అప్పు చేసైనా పంపాలంటడు ఒకాయన. నేను గట్టిగానే చెప్తున్నా, ఆ అప్పు చెయ్యకండి.

పరీక్ష సంగతి ముందు చూడండి. 2022 డిసెంబర్ 30న 5,204 స్టాఫ్ నర్స్ పోస్టులకు నోటిఫికేషన్ వచ్చింది, 2023 ఆగస్టు 2న పరీక్ష పెట్టారు. తర్వాత పోస్టులు పెంచి, 2024 జనవరి 31న ఎల్బీ స్టేడియంలో 6,956 మందికి నియామక పత్రాలు ఇచ్చారు. ఆ ఏడే సెప్టెంబర్‌లో ఇంకో 2,050 పోస్టులు పడ్డయి. రెండిట్లోనూ రాతపరీక్షకు 80 మార్కులే. మిగతా 20 సర్కారు దవాఖానల్లో కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ కింద చేసిన సర్వీసుకు. ఆరు నెలలకు 2 మార్కులు, గిరిజన ప్రాంతంలో అయితే రెండున్నర. అంటే మన ఏజెన్సీలో నాలుగేళ్ళు చేసిన పిల్లకు ఇరవైకి ఇరవై, మైదానంలో చేసినామెకు అదే నాలుగేళ్ళకు 16. హైదరాబాద్ హాస్టల్లో కూసున్న పిల్లకు ఈ లెక్కలో ఒక్క మార్కు కూడా రాదు. ఔట్‌సోర్సింగ్ పోస్టు దొరకడం కష్టమే, దొరికినా జీతం టైముకు పడదు, నాకూ తెలుసు. అయినా దొరికితే వదలొద్దు, సర్వీస్ సర్టిఫికెట్ జాగ్రత్తగా పెట్టుకోమనండి.

ఇక ఆ 80 మార్కులు. అనాటమీ, ఫండమెంటల్స్, మెడికల్ సర్జికల్, పిల్లల వైద్యం, కాన్పులు, కమ్యూనిటీ హెల్త్. ఇవన్నీ మన పిల్ల జీఎన్ఎమ్మో బీఎస్సీ నర్సింగో చదివినప్పుడు చదివినవే. వాటికి ఒకసారి ఫీజు కట్టినం కదా! పుస్తకాలు ఇంట్లో అటక మీదనే ఉన్నయి. పరీక్ష కంప్యూటర్ మీద కాబట్టి ఫోన్లో టెస్ట్ సిరీస్ ఒకటి కొనియ్యండి, అది అవసరమే. ఎయిమ్స్ వాళ్ళ నార్సెట్ రాసే పిల్లకైతే మరీ అవసరం, అక్కడ తప్పు రాస్తే మూడో వంతు మార్కు కోస్తరు.

ఫ్లెక్సీల మీద ర్యాంకుల ఫొటోలు చూసి పడిపోకండి. 2024 నవంబర్‌లో కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీ కోచింగ్ ప్రకటనలకు మార్గదర్శకాలు ఇచ్చింది. ఫొటో వేస్తే ఆ పిల్ల ఏ కోర్సు తీసుకుంది, ఎన్నాళ్ళు చదివింది, పైసలు కట్టిందా లేదా అన్నీ రాయాలె. ఫోన్ చేసినోణ్ణి ఇవే అడగండి. ఉత్త మాక్ టెస్ట్ రాసిపోయిన పిల్లను మా స్టూడెంట్ అని చూపిస్తున్నడేమో తేలుద్ది.

ఒక్క మాట ఒప్పుకోవాలె. కోచింగ్‌కు పోయిన పిల్లకు ఎవరూ పిలవని నాలుగు గంటలు దొరుకుతయి. మనింట్లో అది లేదు. పుస్తకం తీయంగనే మిరపతోటకు రమ్మంటం, బర్రెకు నీళ్ళు పెట్టమంటం, చుట్టాలొస్తే టీ పెట్టమంటం. కొడుకు చదువుతుంటే మాత్రం టీవీ సౌండ్ తగ్గిస్తం. లక్ష అప్పు తెచ్చేటోళ్ళు ఆ పిల్ల బదులు ఒక కూలీని పెట్టుకోలేరా? నోటిఫికేషన్ పడ్డ రోజు నుంచి పరీక్ష దాకా పొద్దున రెండు గంటలు, రాత్రి రెండు గంటలు ఆ పిల్లను పిలవకండి. ఈ మాట ఇంట్లో అమ్మలకు కూడా చదివి వినిపియ్యండి.