పెళ్లి పందిట్లోకి ఫేస్‌లిఫ్ట్‌తో వెళ్లొచ్చా?

ప్రశ్న: నా వయసు 53. బీపీకి మందు వాడుతున్నాను. మూడేళ్ల కిందట గుండెకు స్టెంటు వేశారు. అప్పట్నుంచీ రోజూ ఆస్పిరిన్ వేసుకుంటున్నాను. డాక్టర్లు చెప్పారని పన్నెండు కిలోలు తగ్గాను. ఒళ్లు తేలికైంది కానీ బుగ్గలు, గడ్డం కింద చర్మం జారిపోయాయి. కనిపించిన వాళ్లల్లా ‘ఒంట్లో బాగాలేదా’ అని అడుగుతున్నారు. ఇంకో ఐదు వారాల్లో మా అమ్మాయి పెళ్లి. ఒక క్లినిక్‌లో అడిగితే ‘గంటన్నర పని, వారంలో మామూలైపోతారు, ఈ నెలాఖరులోగా డబ్బు కడితే తగ్గింపు ఇస్తాం’ అన్నారు. మావారికి ఇంకా చెప్పలేదు. చేయించుకోవచ్చా?
- ఒక సోదరి, గుంటూరు

జవాబు: పెళ్లికి ముందు మాత్రం వద్దు. మీ కోరికలో తప్పేమీ లేదు. బరువు బాగా తగ్గిన వాళ్లలో ముఖం జారినట్లు కనిపించడం మామూలే. దానికి ఫేస్‌లిఫ్ట్ సరైన చికిత్సల్లో ఒకటి కూడా. కానీ మీకున్న వ్యవధి చాలదు. అంతకుమించి, మీ గుండె సంగతి ముందు తేలాలి.

అసలేం చేస్తారు?

ఫేస్‌లిఫ్ట్ అంటే చర్మాన్ని లాగి కుట్టేయడం అనుకుంటారు చాలామంది. తొలిరోజుల్లో అలాగే చేసేవారు. చర్మం సాగే గుణమున్నది కాబట్టి కొన్నాళ్లకే మళ్లీ జారేది. చర్మం కింద ఉండే గట్టి పొర గురించి 1976లో ఫ్రెంచి వైద్యులు వివరించాక పద్ధతి మారింది. ఇప్పుడు కణతల దగ్గర జుట్టులోంచి చెవి ముందుగా, తమ్మె చుట్టూ తిప్పి చెవి వెనక్కి గాటు పెడతారు. లోపలి పొరను పైకెత్తి కుడతారు. మిగిలిన చర్మాన్ని కత్తిరించి, బిగి లేకుండా అమరుస్తారు. మెడతో కలిపి చేస్తే మూడు నాలుగు గంటలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది.

దీనివల్ల బుగ్గల కింది భాగం, దవడ అంచు, మెడ బిగువుగా కనిపిస్తాయి. నుదుటి గీతలు, కళ్ల కింద సంచులు, పెదాల చుట్టూ సన్నని ముడతలు, మంగు మచ్చలు దీంతో పోవు. వాటి చికిత్సలు వేరు. ఫలితం కూడా శాశ్వతం కాదు. చాలామందిలో ఏడు నుంచి పదేళ్లు నిలుస్తుంది. ఆలోగా వయసు ఆగదు కదా!

ఐదు వారాలు ఎందుకు చాలవు?

మొదటి రెండు వారాలు వాపు, కమిలిన మచ్చలు ఉంటాయి. కుట్లు వారం పది రోజుల్లో తీస్తారు. మూడు నాలుగు వారాలకు బయట తిరగొచ్చు కానీ ముఖం బిగుసుకున్నట్లే ఉంటుంది. పూర్తిగా కుదుటపడటానికి నెలలు పడుతుంది. చెవుల చుట్టూ తిమ్మిరి కొన్ని వారాలు, ఒక్కోసారి నెలల తరబడి ఉంటుంది. పెళ్లిలో బరువైన బుట్టలు, మాటీలు పెట్టుకోవాలంటే ఆ తమ్మెలు ఓర్చుకోలేవు. పైగా పెళ్లి పనులు, నిద్రలేమి, ఆందోళన! ఇవన్నీ బీపీని పెంచేవే.

మీరు జాగ్రత్త పడాల్సినవి

ఈ ఆపరేషన్ తర్వాత ఎక్కువగా వచ్చే చిక్కు చర్మం కింద రక్తం గూడుకట్టడం. ఎక్కువ శాతం మొదటి 24 గంటల్లోనే వస్తుంది. బీపీ ఉన్నవాళ్లకు, ఆస్పిరిన్ లాంటి మందులు వాడేవాళ్లకు ఈ ముప్పు ఎక్కువ. ఒకవైపు ముఖం ఉన్నట్టుండి ఉబ్బినా, బిగుతు, నొప్పి పెరుగుతున్నా అర్ధరాత్రయినా ఆస్పత్రికి వెళ్లాల్సిందే. అందుకే ఆ రాత్రి మీ పక్కన ఒకరుండాలి. మీవారికి తెలియకుండా చేయించుకునే ఆపరేషన్ కాదిది.

అలాగని ఆస్పిరిన్ మీ అంతట మీరు ఆపేయకండి. స్టెంటులో రక్తం గడ్డకడితే ప్రాణానికే ముప్పు. ఆపాలా వద్దా, ఎన్నాళ్లు అన్నది మీ గుండె డాక్టరు, సర్జన్, మత్తు డాక్టరు కలిసి తేల్చాలి. మీ స్టెంటు గురించి అడగకుండానే తేదీ ఇచ్చారంటే, ఆ ఒక్క కారణం చాలు అక్కణ్నుంచి లేచి రావడానికి.

ఇతర పాఠకులకూ ఒక మాట. సిగరెట్, చుట్ట, గుట్కా, ఖైనీ ఏవైనా కనీసం నాలుగు వారాల ముందే మానాలి. నికోటిన్ వల్ల రక్తనాళాలు ముడుచుకుని, చెవి వెనక చర్మం నల్లబడి చచ్చిపోవచ్చు. షుగరు అదుపులో ఉండాలి. గాయం మానిన చోట గడ్డలా లేచే మచ్చలు ఇంతకుముందు వచ్చి ఉంటే డాక్టరుకు ముందే చెప్పాలి. ముఖాన్ని కదిలించే నరం దెబ్బతిని నవ్వు ఒకవైపు వంకరపోవడం అరుదు. చాలావరకు తగ్గిపోతుంది. అయినా జరగొచ్చని తెలిసే సంతకం పెట్టాలి.

మత్తును కూడా తేలిగ్గా తీసుకోకూడదు. అమెరికన్ రచయిత్రి ఒలీవియా గోల్డ్‌స్మిత్ 2004 జనవరిలో న్యూయార్క్‌లో అందం కోసం చేయించుకోబోయిన ఆపరేషన్‌లో మత్తు వికటించి కోలుకోలేక చనిపోయారు. ఇలాంటివి అరుదే. కానీ అవసరమై చేసే ఆపరేషన్‌కూ, అందం కోసం చేసేదానికీ మత్తు ఒకటే.

డబ్బు కట్టేముందు అడగండి

* సర్జన్‌కు ప్లాస్టిక్ సర్జరీలో ఎంసీహెచ్ లేదా డీఎన్‌బీ ఉందా? రాష్ట్ర మెడికల్ కౌన్సిల్‌లో నమోదయ్యారా?
* మీతో మాట్లాడిన డాక్టరే ఆపరేషన్ చేస్తారా?
* మత్తు డాక్టరు ఆసాంతం ఉంటారా? అత్యవసరమైతే ఐసీయూ ఎక్కడ?
* మీలాంటి వయసు, చర్మం ఉన్నవాళ్ల ముందు, తర్వాత ఫొటోలు చూపిస్తారా?
* మొత్తం ఖర్చెంత? మళ్లీ థియేటర్‌కు వెళ్లాల్సొస్తే ఎవరు భరిస్తారు? అందం కోసం చేసేవాటికి ఆరోగ్య బీమా మామూలుగా వర్తించదు.

నెలాఖరు తగ్గింపు అన్నది చీరలకు బాగుంటుంది, ఆపరేషన్‌కు కాదు.

ఇక మీరు చేయాల్సింది. పెళ్లి హాయిగా జరిపించండి. ఈ ఐదు వారాల్లో కొత్త క్రీములు, బ్లీచింగుల జోలికి పోకండి. ఎండలోకి వెళ్తే సన్‌స్క్రీన్ రాసుకోండి, బీపీ మాత్ర మరవకండి. పెళ్లయ్యాక బరువు ఓ ఆర్నెల్లు నిలకడగా ఉంటే, అప్పటికీ అద్దం చూసుకున్నప్పుడు అదే కోరిక ఉంటే, మీవారిని వెంటబెట్టుకుని ముందు గుండె డాక్టరు దగ్గరికి, తర్వాత ప్లాస్టిక్ సర్జన్ దగ్గరికి వెళ్లండి. ‘ఒంట్లో బాగాలేదా’ అని అడిగేవాళ్లకు మాత్రం ఇప్పుడే చెప్పండి, గుండె బాగుండాలనే తగ్గానని.