మాకు లైట్ డ్యూటీ ఎవరు రాసిస్తారు?

గుండెకు స్టెంట్ వేయించుకుని ఇంటికొచ్చిన ఇరవయ్యో రోజున నేను చేసిన తెలివితక్కువ పని చెప్తాను. నల్లా వచ్చింది. రెండు బిందెలు పట్టి లోపల పెట్టాను. ఎలాగూ లేచాను కదా అని నానబెట్టిన దుప్పటి కూడా తీసి పిండాను. ఒక్కసారిగా ఒళ్ళంతా చెమటలు, దవడ పట్టేసినట్టు, ఊపిరి అందలేదు. ఆసుపత్రికి పరుగెత్తాం. అదృష్టం, ఈసీజీలో కొత్త తేడా ఏమీ లేదన్నారు. "నడకకు పొమ్మంటే నీరసం అంటివి, దుప్పటి పిండనీకి మాత్రం ఓపిక వచ్చిందా?" అని అత్తమ్మ తిట్టింది. ఆమె అడిగింది న్యాయమే.

మన కొత్తగూడెంలో బాయి పనికి పోయే మగవాళ్ళకు గుండె జబ్బు వస్తే తర్వాత ఏం జరుగుతుందో అందరికీ తెలుసు. సిక్కు, పరీక్షలు, ఫిట్ సర్టిఫికెట్. అది లేకుండా డ్యూటీ ఎక్కనివ్వరు. కిందికి దిగలేకపోతే మెడికల్ బోర్డు, సర్ఫేస్ పని, లైట్ జాబ్ అని మాటలు మొదలవుతాయి. అవి ఎవరికి దొరుకుతాయి, ఎవరికి దొరకవు అన్నది వేరే గొడవ. కనీసం "ఈ మనిషి ఇప్పుడు ఎంత పని చేయగలడు?" అని ఒకరు కాగితం మీద అడుగుతారు. అదే జబ్బు ఆయన భార్యకు వస్తే ఆ ప్రశ్న అడిగేవాళ్ళే లేరు. నా డిశ్చార్జి కాగితంలో మందులున్నాయి, ఉప్పు తగ్గించమని ఉంది, రోజూ నడవమని ఉంది. బిందెల సంగతి లేదు.

"ఇల్లు ఊడ్చి తుడిస్తే అంతకు మించిన వ్యాయామం ఏముంది?" అని నేనూ అనుకునేదాన్ని. ఓపిక పూర్తిగా తిరిగొచ్చాక అదీ లెక్కలోకి వస్తుందేమో గానీ, కోలుకునే రోజుల్లో నడక వేరు, ఇంటి చాకిరీ వేరు. నడకలో పెద్ద కండరాలు ఒకే లయలో కదులుతాయి, ఊపిరి ఆడుతూ ఉంటుంది. బిందె ఎత్తేటప్పుడు, దుప్పటి మెలిపెట్టేటప్పుడు మనకు తెలియకుండానే ఊపిరి బిగబడతాం. బీపీ ఒక్కసారిగా పైకి పోతుంది. చేతులు పైకెత్తి అటక సర్దడం, బూజులు దులపడం కూడా గుండెకు నడక కన్నా భారం. బైపాస్ చేయించుకున్నవాళ్ళయితే కోసిన రొమ్ము ఎముక అతుక్కునేదాకా, అంటే రెండు మూడు నెలలు, బరువుల జోలికే పోకూడదు.

ఇంకో రకం ప్రేమ మా పుట్టింటివాళ్ళది. "మంచం దిగకు బిడ్డా." అదీ నష్టమే. 1966లో అమెరికాలోని డల్లాస్‌లో ఇరవై ఏళ్ళ ఆరోగ్యవంతులైన కుర్రాళ్ళు ఐదుగురిని మూడు వారాలు మంచం మీదే ఉంచి చూశారు. ముప్ఫై ఏళ్ళ తర్వాత మళ్ళీ వాళ్ళనే పరీక్షిస్తే, ముప్ఫై ఏళ్ళ వయసు తీసిన శక్తి కన్నా ఆ మూడు వారాల మంచం తీసిందే ఎక్కువని తేలింది. ఇరవై ఏళ్ళ కుర్రాళ్ళకే అట్లా అయితే మన సంగతి చెప్పాలా?

నాకు పనికొచ్చిన పద్ధతి ఫిజియోథెరపిస్టు చెప్పింది. మొదటివారం ఇంటి ముందే ఐదు నిమిషాలు, పూటకోసారి. తర్వాత ఒంటికి సరిపడితేనే ఒకటి రెండు నిమిషాలు పెంచడం. తిన్నాక గంట దాటాలి. నడుస్తూ మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. అదీ కొలత. చేతి వాచీలో నాడి లెక్క చూసి మురిసిపోవద్దు. మనలో చాలామంది వేసుకునే మెటోప్రొలాల్ లాంటి మాత్రలు నాడిని పెరగనివ్వవు, కొందరికి నీరసం కూడా వాటివల్లే. అట్లాగని సొంతంగా మానేయకండి, డాక్టరునే అడగండి. ఛాతీలో, దవడలో, వీపులో బరువుగా ఉన్నా, కళ్ళు తిరిగినా ఆగిపోవాలి. ఆగినా తగ్గకపోతే ఆసుపత్రే. కాళ్ళు వాచి, రెండు మూడు రోజుల్లోనే రెండు కిలోలు పెరిగితే అది తిండి బలం కాదు, ఒంట్లో నీరు చేరడం. వెంటనే చూపించుకోవాలి.

ఇవన్నీ తెలిసినా నేను నెల రోజులు సరిగ్గా నడవలేదు. కారణం బద్ధకం కాదు, టైము. మన ఊళ్ళో ఎండాకాలం ఎనిమిదింటికే నెత్తి మాడుతుంది. నడవాలంటే ప్రకాశం మైదానానికి ఐదున్నరకే చేరాలి. ఫస్ట్ షిఫ్ట్ ఏడింటికి. అంటే సరిగ్గా ఆ ఐదున్నరకే టిఫిన్ బాక్సు సర్దాలి! గుండె జబ్బు తర్వాత నేర్పే వ్యాయామాలకు ప్రపంచమంతా మగవాళ్ళ కన్నా ఆడవాళ్ళు తక్కువగా వెళ్తారట. ఎందుకో పెద్ద పరిశోధన చేయక్కర్లేదు, మా పొయ్యి దగ్గరకొచ్చి నిలబడితే చాలు.

చివరికి నేనే ఒక ఆర్డరు రాసి ఫ్రిజ్ మీద అంటించాను. "పై వ్యక్తికి మూడు నెలలు లైట్ డ్యూటీ. బిందెలు, దుప్పట్లు, అటక నిషేధం. ఉదయం నడక డ్యూటీలో భాగం." ఆయన చదివి పడీపడీ నవ్వారు. తర్వాత పెన్ను తెచ్చి కింద సంతకం పెట్టారు. ఫస్ట్ షిఫ్ట్ వారం రాత్రే చపాతీలు చేసి పెడుతున్నాను, పొద్దున డబ్బా ఆయనే సర్దుకుంటున్నారు. నా నడక ఇప్పుడు ఇరవై ఐదు నిమిషాలు. దుప్పట్లు పిండేది కూడా ఆయనే. సరిగ్గా పిండరు, తీగ మీద వేశాక కూడా నీళ్ళు కారుతూనే ఉంటాయి. నేను చూడనట్టే ఉంటున్నాను.