కాలయంత్రంలో మనకూ ఓ సీటు!

"అది మగపిల్లల సినిమా అత్తా, నువ్వు చూడవులే!"

సెలవులకి మా ఇంటికొచ్చిన మేనల్లుడు అన్న మాట ఇది. పదేళ్లవాడు. ఆ రోజు టీవీలో ‘ఆదిత్య 369’ మొదలవుతోంది. నేను వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి వాడి పక్కన కూర్చున్నాను. వాడికి ఒకటే ఆశ్చర్యం. అత్త అంటే సీరియల్ చూడాలి, కాదంటే కళ్లు తుడుచుకునే సినిమా చూడాలి. యంత్రాలూ, ఫైటింగులూ, వజ్రాల దొంగలూ అత్తకెందుకు?

నవ్వేశాను గానీ, లోపల కాస్త చురుక్కుమంది. ఎందుకంటే ఈ మాట నాకు పాతదే. 1991లో ఇంకో రూపంలో విన్నాను.

ఆ ఏడాదే పదో తరగతి అయింది. లెక్కల్లో మంచి మార్కులొచ్చాయి. ఎం.పి.సి. తీసుకుంటానన్నాను. మా నాయన సరేననబోయాడు. ఇంతలో బంధువులందుకున్నారు. "ఆడపిల్లకి ఫిజిక్సు ఎందుకబ్బా? ల్యాబంటే చీకటి పడేదాకా ఉండాల. సంగానికి తిరిగొచ్చే బస్సు దొరక్కపోతే ఎట్టా?" నిజమే, బస్సుల సంగతి అప్పట్లో అలాగే ఉండేది. అంతకు రెండేళ్ల ముందు మా అన్నకి మాత్రం ఆ బస్సులు అడ్డం రాలేదు. వాడు ఎం.పి.సి., నేను సి.ఇ.సి. అయ్యాం.

ఆ కొత్త పుస్తకాలు ఇంకా అట్టలు వేసుకుంటూ ఉండగానే ఆత్మకూరుకి ‘ఆదిత్య 369’ వచ్చింది. అమ్మ, పిన్ని, నేను కలిసి వెళ్లాం. సినిమా చూసి వచ్చేటప్పుడు బస్సులో అమ్మ ఏమందో నాకిప్పటికీ గుర్తు. అందులో కథానాయకుడూ నాయికా 2504వ సంవత్సరానికి వెళ్తారు గదా. అణుయుద్ధం జరిగిపోయి, రేడియేషన్‌కి భయపడి జనం భూమి కింద బతుకుతుంటారు. అమ్మ ఆలోచించి ఆలోచించి అడిగింది. "అమ్మే, ఎండే లేకపోతే ఆ ఆడోళ్లు వడియాలు ఎక్కడ పెట్టుకుంటారు? బట్టలెట్టా ఆరతాయి?"

అందరం పగలబడి నవ్వాం. ఇప్పుడు తలుచుకుంటే అది నవ్వాల్సిన ప్రశ్నలా అనిపించదు. ఎండ లేకపోతే పంట ఎలా, ఉప్పు ఎలా, పిల్లల ఎముకలు ఎలా గట్టిపడతాయి... అన్నీ దాని వెనకాలే వస్తాయి. బడి ముఖం అంతగా చూడని మా అమ్మ చేత ఆ ప్రశ్న అడిగించింది ఎవరు? సింగీతం శ్రీనివాసరావు గారు.

ఆయన మన పక్క ఊరి మనిషే. 1931లో ఉదయగిరిలో పుట్టారు. నాన్న హెడ్మాస్టరు, అమ్మ వయొలిన్ వాయించేవారు. మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో ఆయన చదివింది ఫిజిక్సు. తర్వాత కె.వి. రెడ్డి గారి దగ్గర చేరి, 1957 నాటి ‘మాయాబజార్’కి సహాయకుడిగా పనిచేశారు. ఘటోత్కచుడి ముందున్న లడ్లు తమంతట తామే లేచి నోట్లోకి వెళ్తుంటే మనం ఇప్పటికీ చంటిపిల్లల్లా నోరు తెరుచుకుని చూస్తాం గదా, ఆ బడిలో నేర్చుకున్న మనిషి! ఫిజిక్సు ఒక చెవిలో, మాయాబజార్ ఇంకో చెవిలో. ఆయన సినిమాలన్నిటా ఈ రెండూ కలిసే వినిపిస్తాయి నాకు.

ఉదయగిరి అనగానే మనకి కొయ్య గరిటెలు, చెంచాలు గుర్తొస్తాయి. దాంతోపాటు కొండ మీది కోట. శ్రీకృష్ణదేవరాయలు ఏడాదికి పైగా ముట్టడించి, 1514లో ఆ కోటను గజపతుల నుంచి గెలిచాడు. అక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని హంపీకి తీసుకుపోయి గుడి కట్టించాడు. ఆ కొండ నీడన పుట్టిన పిల్లాడు పెద్దయి, కాలయంత్రం అనే బొమ్మ చేతికి దొరగ్గానే దాన్ని ఎటు తిప్పాడు? సరాసరి 1526కి, రాయల కొలువుకి! ఇంగ్లండులో హెచ్.జి. వెల్స్ 1895లో కాలయంత్రం నవల రాశాడు. అందులో మనిషి లక్షల ఏళ్లు ముందుకి పోతాడు. మన సింగీతం గారి యంత్రం ముందు వెనక్కి వెళ్లి, చంద్రమోహన్ వేషంలో ఉన్న తెనాలి రామకృష్ణుడిని పలకరించి, ఆ తర్వాతే భవిష్యత్తుకి బయల్దేరింది. అందుకే ఆ సినిమా మనకి పరాయిగా అనిపించలేదు. ఆ ఊహని నమ్మి దాని నిర్మాణానికి వెన్నుదన్నుగా నిలిచిన ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం గారూ మన నెల్లూరు మనిషే కావడం ఇంకో ముచ్చట. జంధ్యాల గారి మాటలు, ఇళయరాజా గారి పాటలు సరేసరి.

ఇక ఫైటింగుల సంగతి. నేను చెప్పాలనుకున్న అసలు మాట ఇక్కడే ఉంది.

మామూలుగా యాక్షన్ సినిమా అంటే కండబలం ఉన్నవాడి ఆట. వందమందిని ఒక్కడు కొడతాడు. ఆడది పక్కన నిలబడి కెవ్వుమంటుంది. సింగీతం గారి సినిమాల్లో చూడండి, గెలుపు బలంతో తేలదు, యుక్తితో తేలుతుంది. 1987లో వచ్చిన ‘పుష్పక విమానం’లో ఒక్క మాట లేదు. అందులో కిరాయి హంతకుడు మంచుగడ్డతో చేసిన కత్తి పట్టుకుని తిరుగుతాడు. ఎందుకు? పొడిచాక కరిగిపోతుంది, సాక్ష్యం మిగలదు. భయపడుతూనే నవ్వుతాం, నవ్వుతూనే ‘అవును గదా’ అనుకుంటాం. ఐసు కరిగే సంగతి మన ఇళ్లలో ఎవరికి తెలీదు? అంత తెలిసిన సంగతిలోంచి అంత కొత్త ఆయుధం తీశారు. ఆ హంతకుడి వేషం వేసిన టిన్నూ ఆనందే నాలుగేళ్ల తర్వాత కాలయంత్రం కనిపెట్టిన ప్రొఫెసర్ అయ్యాడు!

1989 నాటి ‘విచిత్ర సోదరులు’ చూడండి. అందులో పొట్టివాడైన సర్కస్ బఫూన్ తన తండ్రిని చంపినవాళ్ల మీద పగ తీర్చుకుంటాడు. చేతులు కలబడితే వాడు ఎవరి మీదా గెలవలేడు. అందుకని ఒకదాన్ని కదిలిస్తే ఇంకోటి కదిలేలా ఏర్పాట్లు పేర్చుకుంటాడు. పగ మంచిదని నేననను. కానీ ఊరంతా చిన్నచూపు చూసిన మనిషి తన తెలివిని నమ్ముకోవడం ఉంది చూశారూ, అది నాకు నచ్చింది. రోజూ ఇంట్లో మనం చేసేది అదే కదా! బరువు ఎత్తలేకపోతే ఉపాయం చూస్తాం. బిగుసుకున్న సీసా మూతని వేడినీళ్లలో పెట్టి తీస్తాం. కండబలం లేనివాళ్ల సాహసం మనకి బాగా తెలిసిన విద్యే.

1994లో ‘భైరవద్వీపం’ వచ్చింది. అది సైన్సు కాదు, అచ్చమైన జానపదం. అందులో అందగాడైన కథానాయకుడు తన ప్రియురాలి ప్రాణం కోసం రూపం పోగొట్టుకుని కురూపి అవుతాడు. పెళ్లిచూపుల్లో రంగు తక్కువనీ, పళ్లు ఎత్తనీ మాటలు పడ్డ ఆడపిల్లలు హాల్లో ఎంతమంది ఉండి ఉంటారో! వాళ్ల ముందు, ఒక పెద్ద హీరో ముఖమంతా వికారంగా చేసుకుని నిలబడ్డాడు. ఆ సినిమాలో మంత్రాలూ మాయలూ ఎన్నో ఉన్నాయి. నాకు మాత్రం ఆ ముఖమే ఎక్కువ గుర్తుండిపోయింది.

ఇంతగా పొగిడాక ఓ ఫిర్యాదు కూడా చెప్పాలి. అది నాది కాదు, మా మేనకోడలిది. ఇంటర్ రెండో ఏడు చదువుతోంది, ఎం.పి.సి. ఆ రోజు మాతోపాటే సినిమా చూస్తూ ఉన్నట్టుండి అంది. "అత్తా, హేమ వాళ్ల నాన్న అంత పెద్ద సైంటిస్టు గదా. ఆ అమ్మాయే ఎందుకు సైంటిస్టు కాలేదు?"

నా దగ్గర జవాబు లేదు. మూడు పదుల ఏళ్లకి పైగా ఈ సినిమాని ఇష్టపడుతున్నాను, ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. ఒక్కసారీ ఈ ప్రశ్న తట్టలేదే! ప్రొఫెసర్ గారి కూతురు యంత్రం ఎక్కింది, మూడు కాలాలు చూసింది. అంతవరకే. కూతురే ప్రొఫెసర్ అయి ఉంటే కథ ఏమైనా చెడేదా? కాలయంత్రాన్ని నమ్మిన ప్రేక్షకులు దాన్ని చేసిన ఆడపిల్లని నమ్మరా? అయితే ఇది సింగీతం గారి ఒక్కరి లోపమని నేననను. అప్పటి మన ఇళ్లలో అమ్మాయిల్ని ఎంతవరకు రానిచ్చామో, సినిమాలోనూ అంతవరకే వచ్చారు.

అలాగని ఆయనకి ఆడవాళ్ల కథలు తెలియవనుకుంటే పొరపాటే. 1985లో ‘మయూరి’ తీసింది ఆయనే. ప్రమాదంలో కాలు పోగొట్టుకున్న సుధా చంద్రన్ జైపూర్ కాలు పెట్టుకుని మళ్లీ గజ్జె కట్టింది. ఆ కథని ఆమె చేతే నటింపజేశారు. మనం దాన్ని కన్నీటి సినిమాల జాబితాలో వేసుకున్నాం. నన్నడిగితే అది కూడా సైన్సు సినిమానే. అందులో యంత్రం మెరుపులు చిమ్మదు, గిరగిరా తిరగదు. రబ్బరుతో చేసిన ఓ పాదం, అంతే. కాలయంత్రం ఎక్కి ఇంతవరకు ఎవరూ ఎక్కడికీ పోలేదు. ఆ పాదం పెట్టుకుని మాత్రం ఎన్ని వేలమంది నడిచారో!

2024లో వచ్చిన ‘కల్కి 2898 ఏడీ’కి తొంభై దాటిన సింగీతం గారు వెనకుండి సలహాలిచ్చారు. అందులో కథంతా ఒక గర్భిణి చుట్టూ తిరుగుతుంది. 2025 ఏప్రిల్‌లో ‘ఆదిత్య 369’ మళ్లీ థియేటర్లలో విడుదలైంది. అంటే ఆ కోరిక ఇంకా చావలేదన్నమాట. కొత్తది చూడాలి, ‘ఎలా’ అని అడగాలి అనే కోరిక. అది మగపిల్లలకి మాత్రమే పుట్టేది కాదని మా మేనకోడలి ప్రశ్న విన్నాక నాకు గట్టిగా తెలిసొచ్చింది.

ఎందుకు ఇంతగా చెబుతున్నానంటే, ఆ పిల్ల ఇప్పుడు డిగ్రీలో ఫిజిక్సే చదువుతానంటోంది. ఆపైన ఎమ్మెస్సీ, రీసెర్చి. మా అన్నకి కంగారు. "బీటెక్ కంప్యూటర్స్ చేస్తే నాలుగేళ్లకి ఉద్యోగం. ఫిజిక్సంటే ఎప్పటికి తేలేను, పెళ్లెప్పుడు చెయ్యను?" అంటాడు. మా అన్న చెడ్డవాడు కాదు. కూతురంటే ప్రాణం. అప్పుడు నా చదువు గురించి మాట్లాడిన బంధువులూ చెడ్డవాళ్లు కారు. వాళ్లకి బస్సు భయం, వీడికి వయసు భయం. పేరు మారింది గానీ తలుపు వేసింది ఆ భయమే.

సినిమా అయిపోయాక అన్నతో అన్నాను. "అన్నా, ఆ రోజు బస్సు లేదని నన్ను ఆపారు. ఇప్పుడు బస్సులున్నాయి, ఫోన్లున్నాయి. దీన్ని ఎందుకాపుతున్నావు?" వాడు జవాబివ్వలేదు. "చూద్దాంలే" అన్నాడు. మా ఇంట్లో ఆ మాటకి అర్థం కాదని కాదు, అవునని కూడా కాదు. దరఖాస్తుల వేళ వచ్చేదాకా నేనూ వదిలిపెట్టదలుచుకోలేదు.

మీ ఇళ్లలోనూ ఇలాంటి సినిమా వచ్చినప్పుడు ‘పిల్లలు చూస్తున్నార్లే’ అని వంటింట్లోకి పోకండి. పొయ్యి కాసేపు కట్టేసి వచ్చి కూర్చోండి. అర్థం కాకపోతే అడగండి, మా అమ్మలాగా వడియాల గురించైనా సరే. పక్కన మీ అమ్మాయిని కూడా కూర్చోబెట్టుకోండి. ఆమె ‘ఎందుకు’ అని అడిగితే మాత్రం నవ్వి తీసిపారేయకండి. మేం ఆ రోజు బస్సులో అమ్మ మాటకి నవ్వినట్టు నవ్వకండి.