నీడ చెప్పిన ఉత్తరాయణము

సంక్రాంతినాడు సూర్యుడు ఉత్తరమునకు తిరుగునని మన యిండ్లలో పిల్లలకు చెప్పుదుము. బడిలోను అదియే చెప్పుదుము. ఈ మాట నిజము కాదు. చాలకాలము నేనును దీనినే బోధించితిని గావున ఇందలి నింద మొదట నాకే చెందును.

అనంతపురపు మెట్టనేలలో వానకు కరవు గాని యెండకు కరవు లేదు. ఒక డిసెంబరు మాసమున బడి ముంగిట మీటరు కర్రను నిలువుగ పాతించి, ప్రతి మధ్యాహ్నము నీడ అతి పొట్టిదైనప్పుడు దాని కొనయొద్ద సున్నముతో గీత గీయుడని పిల్లలకు చెప్పితిని. నీడ నానాటికి పెరిగి, 21వ తేదీ ప్రాంతమున 78 సెంటీమీటర్లయి, పిమ్మట తగ్గసాగెను. పండుగ సెలవులలోను వచ్చి కొలిచిన యొక యెనిమిదేండ్ల బాలిక భోగినాడు 73 అని వ్రాసికొని, "అయ్యవారూ, నీడ ఎప్పుడో తిరిగినది గదా! సూర్యుడు రేపు తిరుగుట యేమి?" అని యడిగినది. ఆ ప్రశ్నకే యింటిలో ఆమెకు చీవాట్లు దొరకినవట!

పసిపిల్లల కిది తెలియదందురా? ఒక బొంగరము చాలును. భూమి ఒరిగి తిరుగు బొంగరము. డిసెంబరులో దాని ఉత్తరపు తల సూర్యునికి పెడగా నుండును. అందుచే మనకు సూర్యుడు దక్షిణమున వాలి నడచును. ఇచ్చట పగలు పదకొండుంబావు గంటలకు కుదించుకొనిపోవును. పుష్యమాసమున పూసలు గ్రుచ్చ ప్రొద్దుండదని మన అవ్వలు ఊరక అనలేదు. సూర్యుడు దూరమగుటచే చలి యనుట పొరపాటు. జనవరి మొదటి దినములలోనే భూమి అతనికి మిక్కిలి చేరువ.

బొంగరము తిరుగుచు తిరుగుచు తల మెల్లగా త్రిప్పునట్లు, భూమియు సుమారు 26,000 ఏండ్ల కొకమారు తల త్రిప్పును. అందుచే నక్షత్రములనుబట్టి లెక్కించు మకరసంక్రమణము, నీడ తిరుగు దినమునుండి సుమారు 72 ఏండ్ల కొక దినము చొప్పున వెనుకబడుచున్నది. పదునేడు వందల యేండ్ల క్రిందట రెండును ఒక్కటే. నేడు నడుమ ఇరువదినాలుగు దినముల యెడము.

ఇది ఇంగ్లీషు చదువు తెచ్చిన అవిధేయత యని కొందరందురు. ఆరవ శతాబ్దిలో వరాహమిహిరుడు బృహత్సంహితయందు, పూర్వశాస్త్రములు ఉత్తరాయణమును ధనిష్ఠాదిని చెప్పినను తన కాలమున అది మకరాదిని జరుగుచున్నదని వ్రాసి, ప్రత్యక్షపరీక్షచే తెలిసికొనుమనెను. నేలపై వలయము గీచి నీడను గుర్తించు విధమును చెప్పెను. ఆ ఋషితుల్యుని మాట పాటించినది బాలికయా, ఆమెను గద్దించిన పెద్దలా?

పండుగను మానుమని నేననను. గొబ్బెమ్మలు, పొంగలి, పితృతర్పణము, అన్నియు నుండనిండు. సంక్రాంతిని మకరరాశి ప్రవేశమనుడు, ఉత్తరాయణారంభ మనకుడు. 1952లో మేఘనాద సాహా అధ్యక్షతన ఏర్పడిన సంఘము పంచాంగమును ఋతువులతో కూర్చి, 1957నుండి అమలైన జాతీయ పంచాంగమున పుష్యమును డిసెంబరు 22న మొదలిడినది. ప్రభుత్వము అంగీకరించినదానిని మన నట్టిండ్లు ఇంకను అంగీకరింపవా?

దీనివలన హానియేమందురా? మన రైతు విత్తు కార్తెలును ఈ నక్షత్రపు లెక్కవే. అవియు ఋతువునుండి అట్లే జారుచున్నవి. అదను తప్పిన పైరు ఎండిపోవు సీమలో, కన్నది చెప్పినందుకు తిట్లు తిన్న పిల్ల రేపు మబ్బును, నేల తేమను తన కంటితో చూచి నిర్ణయించునా? పంచాంగము వైపే చూచును.

సోదరులారా, వచ్చు డిసెంబరులో మీ పెరటిలో ఒక కర్ర పాతుడు. మీ బిడ్డచేత గీతలు గీయింపుడు. ఆమె చెప్పునది మీరు చెప్పినదానికి విరుద్ధమైనచో, ఆమెను కాదు, మీ మాటను దిద్దుకొనుడు.