గీత చిన్నదే, ఫరక్ పెద్దది

చిలకలపూడిలో మా ఖాలా వాళ్ల ఇంటి దస్తావేజులు పాతబడి చినిగిపోతున్నాయని పోయిన నెల స్కాన్ చేయించాను. మా ఇలాకాలో ఇంటి నంబర్లయినా, పొలం సర్వే నంబర్లయినా నడుమ ఏటవాలు గీత మామూలే. ఫైలుకి 12/34 అని పేరు పెట్టబోతే విండోస్ ససేమిరా అంది. దుకాణంలో కుర్రాడు గీత తీసేసి 1234 అని పెట్టేశాడు. "ఏం ఫరక్ పడదు భాయ్" అన్నాడు.

పడుతుంది జనాబ్! రేపు ఆ 1234 చూసినవాడికి అది 12/34 అని, 1/234 కాదని ఎవరు చెప్పాలి?

అసలు సంగతేమిటంటే, కంప్యూటర్‌కి ఆ గీత అంకెల్లో భాగం కాదు, ఒక ఫోల్డర్ నుంచి ఇంకో ఫోల్డర్‌లోకి పోయే దర్వాజా. యూనిక్స్ 1970ల మొదట్లోనే / ని ఆ పనికి పెట్టుకుంది. 1981లో వచ్చిన ఎంఎస్-డాస్‌లో ఫోల్డర్లే లేవు. అది అదే గీతని ఆజ్ఞల పక్కన ఆప్షన్లు రాయడానికి వాడేసింది. 1983లో ఫోల్డర్లు వచ్చేసరికి ఆ గీత ఖాళీగా లేదు. అందుకని తిరగేసిన \ తీసుకున్నారు. ఆ తకరారు నేటికీ తీరలేదు. విండోస్‌లో \ దారి చూపుతుంది, లినక్స్‌లో అది పేరులో ఒక మామూలు అక్షరం. సి, పైథాన్ లాంటి భాషల్లో దాని పక్కన ఇంగ్లీషు 'ఎన్' పడితే 'కొత్త లైను' అని మతలబు.

గీత బదులు హైఫన్ పెట్టుకోమంటారు. 12/34-1 అప్పుడు 12-34-1 అవుతుంది. 12-34/1 కూడా అదే అవుతుంది. రెండు ఇళ్లకి ఒకటే పేరు!

నా ఖయాల్ ఇది: నంబరు మనిషిది, ఫైలు పేరు మిషన్‌ది. రెండిటినీ కలపకూడదు. ప్రోగ్రాము రాసేవాళ్లు అసలు నంబరుని ఉన్నదున్నట్టు వేరే గడిలో దాచి, ఫైలుకి తమకి నచ్చిన వరుస సంఖ్య ఇచ్చుకోవచ్చు. అది చేతకాకపోతే 'కుదరదు' అని ముఖం మీద చెప్పాలి, అంతేగాని చప్పుడు లేకుండా గీత మింగేయకూడదు.

ఇదంతా విని ఖాలా ఒకటే మాట అంది: "దస్తావేజు మీద గీత చెరిపితే జైల్లో వేస్తారు కదరా, మరి మిషన్ చెరిపితే?"

నా దగ్గర జవాబు లేదు.