చప్పుడే మనకు కావలి

- పూర్వ విద్యార్థి, ఎం.ఏ. (రాజనీతి శాస్త్రం)



మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని సంపాదకవర్గం తమ్ముళ్ళు అడిగినప్పుడు, ఈయన 'చదువు విలువ' మీదో 'క్రమశిక్షణ' మీదో రాస్తాడని అనుకుని ఉంటారు. ఆ మాటలు వార్డెన్ సారు ప్రతి ఆదివారం చెబుతూనే ఉంటారు కాబట్టి నేను వేరే సంగతి ఎత్తుకుంటున్నాను. తుపాకికి బిగించే సైలెన్సర్ గురించి. "సాంబారులో ముక్కలు లేవని కొట్లాడే మనకు తుపాకి సైలెన్సర్‌తో ఏం పనన్నా?" అని నవ్వకండి. చివరిదాకా చదివి అప్పుడు నవ్వండి.

మొన్న సంక్రాంతికి, మన హాస్టల్లోనే చదివి ఇప్పుడు అమెరికాలో టెక్సాస్‌లో ఉద్యోగం చేస్తున్న ఒక అన్న ఊరికి వచ్చాడు. మడకశిర బస్టాండు దగ్గర టీ తాగుతున్నాం. ఒక కుర్రోడు బండికి సైలెన్సర్ పీకేసి ఊరంతా అదిరేటట్టు పోయాడు. అన్న నవ్వి ఇలా అన్నాడు: "చూడబ్బీ, మన దేశంలో బండికి సైలెన్సర్ తీసేస్తే కేసు. తుపాకికి సైలెన్సర్ పెడితే కేసు. మా అమెరికాలో ఈ జనవరి నుంచి దానిమీద పన్ను కూడా ఎత్తేశారు. ఇక్కడ కూడా లైసెన్సు ఉన్నోళ్ళకు ఇస్తే ఏం పోతుంది?"

అన్న చెప్పినదాంట్లో అబద్ధం లేదు. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం బండికి సైలెన్సర్ తప్పనిసరి. అమెరికాలో 1934లో చేసిన చట్టం ప్రకారం తుపాకి సైలెన్సర్ కొనాలంటే 200 డాలర్ల పన్ను కట్టి, వేలిముద్రలిచ్చి, ప్రభుత్వం దగ్గర నమోదు చేయించుకోవాలి. 2025 జూలై 4న అధ్యక్షుడు ట్రంప్ సంతకం చేసిన చట్టంతో ఆ పన్ను 2026 జనవరి 1 నుంచి సున్నా అయింది. నమోదు మాత్రం మిగిలింది. పన్నే లేనప్పుడు నమోదు ఎందుకని తుపాకి సంఘాల వాళ్ళు కోర్టుకు కూడా పోయారు.

ఇంకో విచిత్రం. బండి సైలెన్సరూ తుపాకి సైలెన్సరూ పనిచేసే తీరు ఒక్కటే. వేడి వాయువు ఒక్కసారిగా బయటికి తన్నుకు రాకుండా గదులు గదులుగా ఉన్న గొట్టంలో తిప్పి, దాని వేగం తగ్గించి వదలడమే. తుపాకి సైలెన్సర్‌కు 1909లో పేటెంటు తీసుకున్న హైరమ్ పెర్సీ మాక్సిమ్ అనే ఇంజనీరు వాహనాల సైలెన్సర్లు కూడా చేశాడు. వాళ్ళ నాయన మాక్సిమ్ మెషిన్‌గన్ కనిపెట్టిన మనిషి. ఆ తుపాకుల మోతకు ఆయన చెవులు దెబ్బతిన్నాయి. కాబట్టి చెవుల మాట అబద్ధమని నేననను. 140 డెసిబెల్స్ దాటిన చప్పుడు ఒక్కసారి విన్నా చెవికి ప్రమాదమే. చాలా తుపాకుల మోత అంతకంటే ఎక్కువే. సైలెన్సర్ దాన్ని సుమారు 20 నుంచి 35 డెసిబెల్స్ తగ్గిస్తుంది. సినిమాల్లో చూపించినట్టు 'టప్' అని ముగిసిపోదు. ఫిన్లాండు, నార్వే లాంటి దేశాల్లో వేటగాళ్ళు మామూలుగా వాడతారు. ఇవన్నీ అన్న చెప్పాడు, నేను ఒప్పుకున్నాను.

ఒప్పుకున్నాక కూడా నా మనసు ఒప్పలేదు. ఎందుకో చెప్పాలంటే మా నాయన సంగతి చెప్పాలి.

మా వంశంలో డిగ్రీ చదివినవాణ్ణి నేనే మొదటివాణ్ణి. మా నాయన సంతకం పెట్టడం నేర్చుకున్నది నా హాస్టల్ అప్లికేషన్ కోసం. నేను తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు ఆయన కొండ కింద మూడెకరాలు గుత్తకు తీసుకుని శెనక్కాయ వేశాడు. కాయ ఊరే కాలానికి అడవిపందులు దిగుతాయి. ఒక్క రాత్రి కన్నుమూస్తే చేనంతా దున్నినట్టు చేసిపోతాయి. అందుకని మంచె మీద కావలి. ఒక రాత్రి కుక్కలు మొరిగితే, టార్చిలైటు బ్యాటరీలు అయిపోయి, చీకట్లోనే కంబళి కప్పుకుని గెనెం మీద వంగి నడుచుకుంటా పోయాడు. ఢమ్మని చప్పుడు. చెవి పక్కనుంచి ఏదో జుయ్యిమని పోయింది. మా నాయన నేలకు కరుచుకుపోయి అరిచాడు: "మనుషులుండామప్పో! కాల్చద్దండప్పో!" ఆ చప్పుడుకే పక్క చేన్లలో కావలి ఉన్నోళ్ళు లేచి "ఎవురప్పా, ఎవురప్పా" అని కేకలేస్తూ లైట్లు వేశారు. కొండ మీద ఇద్దరు ముగ్గురు పరుగెత్తిన అలికిడి. దొంగతనంగా పందుల వేటకు వచ్చినోళ్ళు, కంబళి కప్పుకున్న మనిషిని చూసి పందనుకున్నారు. తెల్లారి చూస్తే కానుగ చెట్టు మొదట్లో సీసం గుండ్లు దిగి ఉన్నాయి.

ఆ ఆదివారం నాయన హాస్టల్‌కు మురుకులు తెచ్చిచ్చి ఈ సంగతి నవ్వుతూ చెప్పాడు. "కంప్లైంటు ఇయ్యకపోతివా నాయనా" అంటే, "ఎవురిమీద ఇయ్యాల?" అన్నాడు. ఆ రాత్రి హాస్టల్లో నాకు నిద్ర పట్టలేదు.

ఇప్పుడు ఆలోచించండి. ఆ రాత్రి ఆ చప్పుడు మూడు పనులు చేసింది. మా నాయనకు ప్రమాదం చెప్పింది. పక్క చేన్లవాళ్ళను లేపింది. కాల్చినోళ్ళను పరుగెత్తించింది. ఆ తుపాకికి సైలెన్సర్ ఉంటే? మా నాయన 'ఏదో పిట్ట ఎగిరింది' అనుకుని ఇంకో నాలుగడుగులు వేసి ఉండేవాడు. రెండోసారి గురి తప్పేదో లేదో. నేను ఈ రోజు ఎం.ఏ. చదివేవాణ్ణో, బెంగుళూరులో సెంట్రింగు పనిలో ఉండేవాణ్ణో.

అన్న దీనికి జవాబు చెప్పాడు. "అవి దొంగ తుపాకులు రా. నేను లైసెన్సు తుపాకుల గురించి మాట్లాడుతున్నా." మంచిది. చట్టంలో ఏముందో చూద్దాం.

మన దేశంలో అమల్లో ఉన్నది 1959 ఆయుధాల చట్టం. దాంట్లో 2వ సెక్షన్లో 'తుపాకి' అంటే ఏమిటో చెప్పిన చోట, చప్పుడునుగానీ మంట మెరుపునుగానీ తగ్గించడానికి చేసిన పరికరం కూడా తుపాకే అని రాశారు. అంటే ఉత్త సైలెన్సర్ చేతిలో ఉన్నా చట్టం దృష్టిలో తుపాకి ఉన్నట్టే. లైసెన్సు లేకుండా పెట్టుకుంటే నేరం. అదే చట్టం 13వ సెక్షన్లో రైతు పంట కాపాడుకోవడానికి మందు కూరి పేల్చే తుపాకికి లైసెన్సు అడిగే దారి కూడా ఉంది. చట్టం చేసినవాళ్ళు రైతును మరిచిపోలేదు. అయితే రైతుకు తుపాకి కావాలని అనుకున్నారు గానీ, చప్పుడు లేని తుపాకి కావాలని అనుకోలేదు.

అది సరైన ఆలోచనే. చేను కాపాడేవాడికి కావలసింది చప్పుడు. డబ్బాలు కొడతాం, టపాకాయలు పేలుస్తాం, ప్లాస్టిక్ పైపులో కార్బైడు వేసి పేలుస్తాం, గొంతు పోయేదాకా అరుస్తాం. రొళ్ళ, గుడిబండ, అమరాపురం వైపు ఎలుగుబంట్లు చేన్లలోకి వస్తే జనం చేసేది ఇదే. ఎలుగును, నెమలిని 1972 వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్లో పెట్టింది. వాటిని చంపితే జైలు, బెదిరించి తోలుకోవాల్సిందే. బెదిరించడానికి చప్పుడు కావాలి. చప్పుడు లేకుండా జంతువును కొట్టాలనుకునేవాడు కావలివాడు కాదు, చాటుగా వేటకు వచ్చినవాడు. నార్వే వేటగాడికి పనికొచ్చేది మడకశిర కావలివాడికి పనికిరాకపోవడానికి కారణం ఇదే.

చప్పుడు లేని కావలి ఎంత ప్రమాదమో మన పల్లెలకు ముందే తెలుసు. పందుల కోసం చేను చుట్టూ దొంగతనంగా కరెంటు తీగలు లాగడం చూడలేదా? అది అరవదు, హెచ్చరించదు. నీళ్ళు కట్టడానికి తెల్లవారుజామున పోయిన మనిషి కూడా దానికి పందే. పంది కోసం పెట్టిన తీగకు మనుషులు పోయారని ఏటా పేపర్లో చదువుతూనే ఉన్నాం.

అన్న ఇంకో మాట అడిగాడు, అది గట్టి మాట. "1985లో కారంచేడులో, 1991లో చుండూరులో మనోళ్ళను చంపింది తుపాకులతోనా? గొడ్డలికి చప్పుడుందా? చంపాలనుకున్నోడికి సైలెన్సర్ ఒక లెక్కా?" నిజమే, గొడ్డలికి చప్పుడు లేదు. కానీ గొడ్డలి పట్టినవాడు దగ్గరికి రావాలి, కళ్ళల్లో పడాలి, ముఖం గుర్తుంటుంది. ఎన్ని ఏళ్ళయినా కోర్టులో నిలబడి 'వీడే' అని చూపించవచ్చు. తుపాకి దూరం నుంచి చంపుతుంది. ముఖం కనబడదు. ఎటువైపు నుంచి వచ్చిందో చెప్పేది ఒక్క చప్పుడే. ఆ ఒక్క సాక్షినీ తీసేస్తే చచ్చినవాడి తరఫున మాట్లాడేది ఎవరు?

మనది ఏ జిల్లానో కూడా గుర్తుంచుకోవాలి. 2022లో శ్రీసత్యసాయి జిల్లా అయ్యేదాకా మనది అనంతపురం జిల్లా. 2005 జనవరి 24న పెనుకొండ ఎమ్మెల్యే, మాజీ మంత్రి పరిటాల రవీంద్రను అనంతపురం పట్టణంలో, పార్టీ ఆఫీసు దగ్గర, పట్టపగలు కాల్చి చంపారు. అప్పుడు నేను చిన్నపిల్లాణ్ణి. బస్సులు ఆగిపోయి, అంగళ్ళు మూసేసి, మా అమ్మ నన్ను చంకనేసుకుని నడిచి ఇల్లు చేరిందట. అంత జనం మధ్యలో, అంత చప్పుడుతో అంత పని చేయగలిగిన గడ్డ మీద, చప్పుడు తగ్గించే సామాను సులువుగా దొరికితే ఏమవుతుందో నేను చెప్పక్కరలేదు. అమెరికాలో 2019 మే 31న వర్జీనియా బీచ్‌లో ఒక ఉద్యోగి సైలెన్సర్ బిగించిన పిస్టల్‌తో ఆఫీసులో 12 మందిని చంపాడు. అతను తన తుపాకులను చట్టప్రకారమే కొన్నాడు. 'లైసెన్సు ఉన్నోళ్ళకే కదా' అనే మాట మీద నాకు నమ్మకం కుదరకపోవడానికి అదొక కారణం.

ఇంకో కారణం మన దగ్గరే ఉంది. లైసెన్సు ఎవరికి ఉంటుంది? మా కాలనీలో ఒక్కరికీ లేదు. 1878లో తెల్లదొరలు చేసిన చట్టం మనవాళ్ళ చేతుల్లోంచి ఆయుధాలు లాక్కుని తెల్లవాళ్ళకు మినహాయింపు ఇచ్చింది. స్వతంత్రం వచ్చాక చేసిన 1959 చట్టం మాత్రం, ఆస్తి లేదనే ఒక్క కారణంతో ఎవరికీ లైసెన్సు నిరాకరించకూడదని 14వ సెక్షన్లో రాసింది. ఎంత మంచి మాట! ఆ మాట ఉందని మా నాయనకు తెలియదు. ఎం.ఏ.లో చేరేదాకా నాకూ తెలియదు. కాగితం మీద అందరిదీ అయిన హక్కు ఊర్లో కొందరిది మాత్రమే అయినప్పుడు, ఆ కొందరికి ఇంకో సౌకర్యం ఇవ్వడమంటే మిగిలినవాళ్ళకు ఉన్న చిన్న రక్షణ కూడా తీసేయడమే. మన దగ్గర తుపాకి లేదు. ఉన్నవి చెవులు.

మన దేశం ఈ మధ్య నడిచిన దారి కూడా అటువైపు లేదు. 2019 సవరణతో ఒక మనిషికి మూడు తుపాకులు ఉండవచ్చన్నది రెండుకు తగ్గింది. పెళ్ళిళ్ళలో సంబరానికి కాల్చినా రెండేళ్ళదాకా జైలు, లేదా లక్ష రూపాయలదాకా జరిమానా, లేదా రెండూ. ఎన్నికలొస్తే లైసెన్సు తుపాకులు కూడా స్టేషన్లో అప్పగించాలి. ఇదంతా అనుభవం మీద నేర్చుకున్న జాగ్రత్త. దాన్ని అమెరికాను చూసి సడలించుకోవాల్సిన పనిలేదు.

మరి చెవుల సంగతి? దానికి చవకైన మందుంది. చెవులకు పెట్టుకునే మఫ్‌లు. షూటింగ్ పోటీల్లో పాల్గొనేవాళ్ళు పెట్టుకునేవి అవే. చెవి మూసుకుంటే కాల్చేవాడి చెవి ఒక్కటే మూతపడుతుంది. సైలెన్సర్ బిగిస్తే ఊరందరి చెవులూ మూతపడతాయి. ఈ రెండింటికీ ఉన్న తేడానే నేను అన్నకు చెప్పాలనుకున్నది. మరి రైతు సంగతి? సోలార్ కంచెకు సబ్సిడీ అడుగుదాం. పంటనష్టానికి పరిహారం అదే సీజన్లో అందాలని అడుగుదాం. దొంగవేటగాళ్ళ మీద నిఘా అడుగుదాం. ఇవి అడగకుండా సైలెన్సర్లు అడిగితే, కాలు నొప్పికి కళ్ళద్దాలు కొన్నట్టుంటుంది.

నేను ఇదంతా చెప్పాక అన్న కాసేపు మాట్లాడలేదు. "నేనుండేచోట పొలంలో కావలి పండుకునేవాడు లేడు రా, అందుకే నాకు ఆ ఆలోచన రాలేదు" అన్నాడు. నాకు ఆయన మీద గౌరవం ఇంకా పెరిగింది. ఆయన మాటలో ఒప్పుకోవాల్సింది నేను ఒప్పుకున్నాను, నా మాటలో ఒప్పుకోవాల్సింది ఆయన ఒప్పుకున్నాడు. వాదన అంటే అట్లుండాల.

తమ్ముళ్ళారా, మీలో చాలామంది నాయనలు ఈ రాత్రి కూడా ఏదో ఒక చేనులో కావలి ఉంటారు. ఏ చట్టం మారుతుందన్నా, ఏది సడలిస్తారన్నా, ముందు ఆ మంచె మీద కూర్చుని చూడండి. అక్కడి నుంచి చూస్తే ఎలా కనిపిస్తుందో రాయండి. మన లైబ్రరీలో ఆయుధాల చట్టం పుస్తకం లేదు. సంచిక విడుదల రోజు ఒక కాపీ తెచ్చిస్తాను. 14వ సెక్షన్ దగ్గర పేజీ మడిచి పెడతాను. నాతో ఒప్పుకోనివాళ్ళు వచ్చే ఏడాది సంచికలో జవాబు రాయాలని కోరుకుంటూ సెలవు తీసుకుంటున్నాను.