తెరచాప డబ్బున్నోళ్ల ఆట కాదు

అరటి పిలకలు ఎలా ఎంచుకోవాలో రాస్తానని పోయిన వారం మాటిచ్చాను. అది వచ్చే వారానికి వాయిదా. ఈ వారం రేవులో నా మీద చాలా జోకులు పేలాయి, ముందు వాటికి సమాధానం చెప్పుకోవాలి. ధాన్యం పట్టా కట్టుకుని గోదాట్లో నావ తిప్పుతున్నాడట, ముసలాడికి ఏదో అయ్యింది అని ఒకటే గోల. ఒక కుర్రాడైతే "ఏం బాబాయ్, డీజిలుకి డబ్బుల్లేవా? నేను పోయించనా?" అన్నాడు. నవ్వుకోండి, పర్వాలేదు. కాకపోతే మొత్తం చదివి నవ్వండి.

నా చిన్నప్పుడు, అంటే 1970ల చివర్లో, మా పెదనాన్నకి ఒక నావ ఉండేది. ఇంజను లేదు. గెడ, తెడ్డు, తెరచాప, అంతే. వేసవిలో మధ్యాహ్నం దాటాక సముద్రం వైపు నుంచి పైరగాలి లేస్తుంది, మీకు తెలిసిందే. మా దగ్గర ఏరు దక్షిణానికి పారుతుంది, పైరగాలి దక్షిణం నుంచి వస్తుంది. ఎగువకి పోవాలంటే గాలి తోసుకుపోయేది, తిరిగొచ్చేటప్పుడు ఏరే దింపేది. కొబ్బరికాయలు, అరటి గెలలు అలాగే వెళ్లేవి. "గాలికి పన్ను లేదురా అబ్బాయ్" అనేవాడు పెదనాన్న. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని తెరచాప తాడు చేతికిచ్చేవాడు. ఒక్కటే మాట చెప్పేవాడు, తాడు ఎప్పుడూ కట్టెయ్యకు, చేత్తోనే పట్టుకో అని. గాలి ఒక్కసారిగా కొడితే వదిలెయ్యాలి. వదిలితే తెరచాప పటపటా కొట్టుకుంటుంది గానీ నావ ఒరగదు. కట్టేసినవాడే మునుగుతాడు.

తర్వాత ఇంజన్లు వచ్చాయి. తెరచాప గుడ్డ మా ఇంట్లో మినుములు ఎండబెట్టుకోడానికి పనికొచ్చింది కొన్నేళ్లు. నేనేమీ బాధపడలేదు, నిజం చెప్పాలంటే సంతోషించాను కూడా. గాలి కోసం రేవులో కాచుక్కూర్చునే పని తప్పింది కదా. ఇప్పుడు కూడా సరుకు దాటించడానికి ఇంజనే వాడుతున్నాను. ఇంజను తీసి గోదాట్లో పారేయమని నేను చెప్పట్లేదు.

నా బుర్ర తిరిగింది హైదరాబాద్‌లో. పోయినేడు మా అమ్మాయి వాళ్లింటికి వెళ్లాను. పదేళ్ల మనవరాలు ఆదివారం పొద్దున్నే లేచి "తాతయ్యా, పడవ క్లాసుకి వస్తావా" అంది. హైదరాబాద్‌లో పడవ ఏంటే అనుకుంటూ వెళ్లాను. హుస్సేన్ సాగర్. అక్కడ యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ అని ఒకటి ఉంది, 2009లో పెట్టారట. పేరు చూస్తే కోటీశ్వరుల వ్యవహారంలా ఉంటుంది. తీరా లోపలికెళ్తే ప్రభుత్వ బడి పిల్లలు, బస్తీ పిల్లలు కూడా ఉన్నారు. అలాంటి పిల్లల్ని తెచ్చి నేర్పించి, దేశం మొత్తం మీద పోటీలకి పంపుతున్నారు. నీళ్ల వాసన గురించి మాత్రం నన్ను అడక్కండి. గోదారి నీళ్లు తాగి పెరిగినవాణ్ణి, ఆ వాసనకి మొదటి పది నిమిషాలూ ముక్కు మూసుకునే నిలబడ్డాను.

పిల్లల పడవ పేరు ఆప్టిమిస్ట్. ఏడెనిమిది అడుగుల పొడవు, 35 కిలోల బరువు, ఒకటే తెరచాప, ఒకరే మనిషి. మన ఎరువు బస్తా 45, 50 కిలోలుంటుంది, దానికన్నా తేలిక. 1947లో అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రంలోని క్లియర్‌వాటర్ అనే ఊళ్లో క్లార్క్ మిల్స్ అనే పడవలు చేసే ఆయన, మామూలు ఇళ్లల్లో పిల్లల కోసం రెండు ప్లైవుడ్ షీట్లలో అయిపోయేలా దీన్ని తయారుచేశాడట. ముందు భాగం కోసుగా ఉండదు, మొండిగా పెట్టెలా ఉంటుంది. షీట్లు కలిసిరావాలని అలా చేశాడు. ఇప్పుడు ప్రపంచంలో ఎక్కడ చూసినా పిల్లలు నేర్చుకునేది దాని మీదే.

ఆ రోజు నేర్పిన పాఠం చూసి నాకు గుండె ఆగినంత పనైంది. పిల్లని పడవెక్కించి, లోపలికి పంపి, కావాలని బోల్తా కొట్టించారు! నేను గట్టు మీద నుంచి అరిచాను. మా అమ్మాయి నా చెయ్యి పట్టుకుని ఆపింది. పిల్ల లైఫ్ జాకెట్‌తో పైకి తేలింది, పడవ వెనక్కి ఈదింది, పడవ అడుగున పైకి లేచి ఉన్న పలకని రెండు చేతులతో పట్టుకుని వేలాడింది. పడవ నెమ్మదిగా లేచి నిలబడింది. లోపలికెక్కి, తాడుతో కట్టి ఉన్న చిన్న డబ్బాతో నీళ్లు తోడి పోసింది. నవ్వుతూ మళ్లీ తాడు అందుకుంది. ఆ తాడు కూడా కట్టలేదు, చేత్తోనే పట్టుకుంది. మా పెదనాన్న చెప్పిన మాటే అక్కడి మాస్టారు చెప్తున్నాడు.

ఈ పలక సంగతి కొంచెం చెప్పాలి, ఎందుకంటే అది మన నావలకి లేదు. గాలి వెనక నుంచి కొడితే ఏ పడవైనా పోతుంది, అందులో గొప్ప లేదు. గాలి పక్క నుంచి వస్తే మన నావ అడుగు చదునుగా ఉంటుంది కాబట్టి పక్కకి జారిపోతుంది. వీళ్లు పడవ మధ్యలో ఒక పలక నీళ్లలోకి దింపుతారు. కర్రు నేలలో దిగితే నాగలి పక్కకి పోదు, ముందుకే పోతుంది కదా, అదే పని ఆ పలకది. దాంతో ఎదురుగాలికి కూడా ఎక్కొచ్చు. సూటిగా ఎదురు పోలేం, ఎవరి వల్లా కాదు. గాలికి ఏటవాలుగా ఇటు కొంత దూరం, అటు కొంత దూరం, ఘాట్ రోడ్డు మలుపుల్లా వెళ్లాలి. మలుపు తిప్పిన ప్రతిసారీ తెరచాప అవతలి వైపుకి మారుతుంది, మనమూ వంగి అవతల కూర్చోవాలి. వంగకపోతే అడ్డకర్ర తల మీద ఒకటిస్తుంది.

ఇంటికొచ్చాక నాకు నిద్ర పట్టలేదు. మన నావకి సరుగుడు కర్ర ఒకటి నిలబెట్టాను. ధాన్యం ఆరబోసుకునే పట్టాని కత్తిరించకుండా మడతపెట్టి కట్టాను. గాలి వచ్చే వైపు కాకుండా రెండో వైపున మామిడి పలకని మోకుతో వేలాడదీశాను. మలుపు తిప్పినప్పుడల్లా దాన్ని ఇటు నుంచి అటు మార్చాలి, అదొక తలనొప్పి. మొదటి రోజు ఇసుక దిబ్బ ఎక్కించాను. రెండో రోజు చుక్కాని పిడి ఏ వైపు తొయ్యాలో అర్థం కాలేదు. పిడి ఎడమకి తోస్తే నావ కుడికి తిరుగుతుంది, ట్రాక్టరు స్టీరింగు అలవాటైన చెయ్యి మాట వినదు. మూడో రోజు సాయంత్రం నాలుగింటికి పైరగాలి నిలకడగా ఉంది. తాడు కొంచెం లాగాను. పట్టా పొట్టలా ఉబ్బింది. నావ ఒక్కసారి వణికి, ముందుకి జరిగింది.

ఆ తర్వాత ఏమైందో ఎలా చెప్పాలో తెలీదు. చప్పుడు లేదు. ముప్పై ఏళ్లుగా గోదారి దాటుతున్నాను గానీ ఇంజను మోతలో నావ కింద నీళ్లు చేసే శబ్దం వినడం మర్చిపోయాను. కొంగలు కూడా లేచిపోలేదు. ఎదర నీళ్ల మీద నల్లగా ముడతలు కనపడితే గాలి వస్తోందని అర్థం, ఈలోపు తాడు సడలించాలి. పైరు ఊగడం చూసి గాలి ఎటునుంచో మనం చెప్తాం కదా, నీళ్ల మీద కూడా అంతే. తాడులోంచి గాలి బలం చేతికి తెలుస్తుంది, బండెద్దు పగ్గం పట్టుకున్నట్టు. ఎద్దు ఎంత లాగుతోందో చూడకుండానే తెలియట్లా? అలాగ. అరగంట పాటు అప్పు గుర్తు రాలేదు, కొబ్బరి రేటు గుర్తు రాలేదు. యాభై ఆరేళ్ల వయసులో కొత్త పని ఒకటి చేతికి పట్టుబడుతుంటే వచ్చే ఆనందం వేరండి.

ఇక అసలు గొడవ. "ఇవన్నీ డబ్బున్నోళ్ల ఆటలు, మన పిల్లలకెందుకు" అని పెద్దలు ఒకరిద్దరు అన్నారు. వాళ్లకి ఒక్క సంగతి చెప్తాను. 2023లో చైనాలోని హాంగ్జౌలో ఆసియా క్రీడలు జరిగాయి. తెరచాప పడవల పోటీల్లో నేహా ఠాకూర్ అనే 17 ఏళ్ల అమ్మాయి మన దేశానికి వెండి పతకం తెచ్చింది. ఆ పిల్లది మధ్యప్రదేశ్‌లో దేవాస్ జిల్లా. రైతు కూతురు. సముద్రం లేని రాష్ట్రం! భోపాల్ చెరువులో నేర్చుకుంది. మనకి దాదాపు వెయ్యి కిలోమీటర్ల తీరం ఉంది, గోదారి ఉంది, కృష్ణ ఉంది, కాలవలు ఉన్నాయి. మన పిల్లలకి మాత్రం తెరచాప పాఠం పుస్తకంలో బొమ్మ.

పతకాల మాట పక్కన పెట్టండి. 2018 జూలైలో పశువుల్లంక దగ్గర నాటుపడవ ప్రమాదం జరిగింది, బడి నుంచి ఇంటికెళ్తున్న పిల్లలు కొట్టుకుపోయారు. ఆ మరుసటేడు కచ్చులూరు. అప్పటినుంచి మన ఇళ్లల్లో ఏమంటున్నాం? నీళ్ల దగ్గరికి పోవద్దు అంటున్నాం. కానీ లంకలో ఉంటూ నీళ్ల దగ్గరికి పోకుండా ఎలా కుదురుతుంది? రోజూ నావెక్కే పిల్లకి నావ ఎందుకు ఒరుగుతుందో తెలీదు, ఒరిగితే ఏ వైపు జరగాలో తెలీదు, బోల్తా పడితే నావని వదలకూడదని తెలీదు. నావ నడిపేవాడికొక్కడికే తెలుసు. తెరచాప నేర్చుకుంటే అన్ని ప్రమాదాలూ ఆగిపోతాయని చెప్పను, వరద ముందు ఎవరి విద్యా పనిచెయ్యదు. అయినా హుస్సేన్ సాగర్‌లో పదేళ్ల పిల్ల మునిగిన పడవని లేపింది, మన రేవులో పదో తరగతి పిల్లాడు నావ కొంచెం కదిలితే పక్కవాణ్ణి పట్టుకుని కేకలేస్తాడు. నాకు ఇది సిగ్గుగా ఉంది.

పెద్ద క్లబ్బులు మనకక్కర్లేదు. రేవుకి రెండు చిన్న పడవలు, పది లైఫ్ జాకెట్లు, ఈత వచ్చిన ఇద్దరు పెద్దవాళ్లు చాలు. ఫైబరు పడవలు ఖరీదే, ప్లైవుడ్‌తో మన వడ్రంగి చెయ్యగలడా అని అడిగాను. కొలతలు తెచ్చిపెట్టమన్నాడు. మనవరాలికి చెప్పాను, ఆ పని మీదే ఉంది. సంఘం మీటింగులో ఈ మాట ఎత్తుతాను, అప్పుడు నవ్వకుండా చెయ్యెత్తండి. ముందు ఈత, ఆ తర్వాతే తెరచాప. వరద రోజుల్లో, అంటే జూలై నుంచి సెప్టెంబరు దాకా, వద్దే వద్దు.

నా నావ ఎదురుగాలికి ఇంకా సరిగా ఎక్కట్లేదు. పట్టా సాగిపోతోంది, మందపాటి గుడ్డ కుట్టించాలి. ఈ ఆదివారం నాలుగింటికి గాలుంటే దిగువ రేవు నుంచి బయల్దేరతాను. లైఫ్ జాకెట్లు మూడున్నాయి, కాబట్టి ఒకసారికి ఇద్దరు పిల్లలే. వాళ్ల అమ్మానాన్నల్లో ఒకరు గట్టు మీద ఉండాలి. ఆరింటికల్లా వచ్చెయ్యాలి, ఎందుకంటే పట్టా సాయంత్రానికి ఇంటికి చేరకపోతే వడ్లు ఎక్కడ ఆరబోయాలని మా ఆవిడ ఇప్పటికే రెండుసార్లు అడిగింది.